నల్లగొండల టాంగో: జోడీలు మార్చాల్నా, ఎవరి జోడీతోని వాళ్లే ఆడాల్నా?

గడియారం_సెంటర్
మన నల్లగొండల ఆదివారం సాయంత్రం అర్జెంటీనా జంటల ఆట టాంగో నేర్చుకునే చిన్న గుంపు మాది. ఒక మిత్రుని ఇంటి పైఅంతస్తుల షాబాద్ బండల హాలు, ఒక స్పీకరు, అంతే. హైదరాబాద్ పోయి నేర్చుకొచ్చినోళ్లం మిగతావాళ్లకు చూపిస్తున్నం. మొదటి నుంచి మూడు నాలుగు పాటలకోసారి జోడీలు మారుస్తున్నం. ఇప్పుడు ఒక భార్యాభర్తలు చేరిండ్రు. "మేమిద్దరమే ఆడుకుంటం, వేరేవాళ్లతోని వద్దు" అంటుండ్రు. ఇంకో రెండు జంటలు కూడ అదే మాట. మరి ఒక్కరే వచ్చేటోళ్ల గతేంది?

నేనైతే మార్చాలనే అంటున్న. టాంగోల ముందే కట్టిపెట్టిన అడుగుల వరుస ఉండదు. లీడ్ చేసే మనిషి ఛాతీ ఎటు కదిలితే ఎదుటి మనిషి బరువు ఆ కాలు మీదికి పోతది. అది పట్టుకునుడే విద్య. ఎప్పుడూ ఒకరితోనే ఆడితే ఒకరి అలవాట్లు ఇంకొకరికి బట్టీ పడతయి. ఆయన ఓచో (ఎనిమిది అంకె లెక్క తిరిగే అడుగు) చెప్పకముందే ఆమె తిరిగిపోతది. ఇద్దరూ మంచిగ వచ్చిందనుకుంటరు. ఇంకొకరి ముందట నిలవడ్డప్పుడు అడుగు కూడ పడదు. అర్జెంటీనా రాజధాని బ్యూనస్ ఎయిర్స్ మిలోంగాలల్ల (టాంగో ఆడే కూటాలల్ల) గూడ మూడు నాలుగు పాటల గుత్తి, అంటే ఒక తాండా, ఒకరితోని ఆడి, నడుమ కొర్తీనా అనే చిన్న విరామం పాట రాంగనే జోడీ విడిపోతది. తర్వాతి తాండాకు ఇంకొకరు. గుంపుల ఆడుడంటే అదే గదా.

రామగిరి_వాసి
ఆ భర్తను నేనే. పేరు చెప్పకుండా రాసినందుకు ధన్యవాదాలు. నా మాట కూడా వినండి.

మా ఆవిడ స్కూల్ టీచర్. ఆమె దగ్గర చదివే పిల్లల తల్లిదండ్రులు మా వీధిలోనే ఉంటారు. హాలు కిటికీ రోడ్డు మీదికే ఉంది. హైదరాబాద్‌లో ఎవరు ఎవరితో ఆడారో ఎవరికీ పట్టదు, ఇక్కడ తెల్లారేసరికి పాలవాడికి కూడా తెలుస్తుంది. రేపు స్టాఫ్‌రూంలో మాట పడేది మీరు కాదు, ఆమె.

బ్యూనస్ ఎయిర్స్ సంగతి మీరు సగమే చెప్పారు. అక్కడి పాతకాలపు మిలోంగాల్లో కలిసి ఒకే బల్ల దగ్గర కూర్చున్న జంటను బయటివాళ్లు పిలవరు. ఒకరితో ఒకరే ఆడుకోవడానికి వచ్చారని అర్థం చేసుకుంటారు. ఆ మర్యాద అక్కడే ఉన్నప్పుడు నల్లగొండలో మమ్మల్ని ఎందుకు బలవంతం చేస్తున్నారు?

దేవరకొండ_పెద్దాయన
నాకు మొదటి ప్రశ్నే వేరు. మనకు కోలాటం లేదా? బతుకమ్మ లేదా? చిందు కళాకారులు చూసేటోళ్లు లేక కూలికి పోతుంటే మీరు సముద్రాలు దాటి ఆట తెచ్చుకుంటుండ్రు. కోలాటంల కర్రకు కర్ర తగుల్తది, మనిషి మనిషిని ముట్టడు. ఇంత పంచాయితీ ఉండదు.

వలసబిడ్డ_పాలమూరు
పెద్దాయనా, కోలాటం నాకు ప్రాణం. మా నాయిన కోలాటం పాటలు పాడెటోడు. గని ఆయన సగం బతుకు బొంబాయిల ఇమారతుల పనికే పోయింది. పాలమూరు లేబర్ అంటే ఏందో నాకు ఎవ్వరూ చెప్పాల్సిన పనిలేదు. అందుకే టాంగో నాకు పరాయిది అనిపియ్యలే. పందొమ్మిదో శతాబ్దం ఆఖర్ల బ్యూనస్ ఎయిర్స్, పక్క దేశం ఉరుగ్వేల ఉన్న మాంటెవిడియో రేవు బస్తీలల్ల పుట్టింది ఆ ఆట. ఇటలీ, స్పెయిన్ నుంచి పొట్టచేత పట్టుకొని వచ్చిన కూలోళ్లు, ఆఫ్రికా బానిసల వారసులు, పల్లెల నుంచి దిగిన పశువుల కాపర్లు అందరు కలిసి చేసుకున్నది. దాంట్ల మోగే బాండోనియన్ జర్మనీ నుంచి వచ్చిన వాయిద్యం. అక్కడి పెద్దిండ్లోళ్లు మొదట టాంగోను గడపల అడుగు పెట్టనియ్యలే. 1913 నాటికి పారిస్‌ల మోజు లేసినంకనే వాళ్లకూ ముద్దొచ్చింది. యునెస్కో వారసత్వ జాబితాల చేరింది 2009ల. వలసపోయిన మనిషి ఎవరూ తెల్వని ఊర్ల ఇంకో మనిషిని పట్టుకొని నడిచిన ఆట ఇది. మా నాయినకు బొంబాయిల అసొంటిది ఒకటి దొరికితే బాగుండు అనిపిస్తది నాకు.

ఇగ జోడీల సంగతి. ఆ వలసల కాలంల అక్కడ మగోళ్లు ఎక్కువ, ఆడోళ్లు తక్కువ. మగపిల్లలు ప్రాక్తికాలల్ల (సాధన కూటాలల్ల) మగోళ్లతోనే నేర్చుకునెటోళ్లు, అదీ ముందు ఫాలో చేసుడు, తర్వాతనే లీడ్. మన దగ్గర ఆ పద్ధతి పెడితే ఏమైతది? మగోళ్లు మగోళ్లతోని, ఆడోళ్లు ఆడోళ్లతోని మారుకుంట నేర్చుకోని. నేను మహబూబ్‌నగర్‌ల మా తమ్ముని వరసాయనతోనే నేర్చుకుంటున్న. ఫాలో చేసినంకనే నా లీడ్ ఎంత మొరటుగ ఉందో తెలిసింది.

మిర్యాలగూడ_అక్క
నేను ఈ గుంపుకే ఒక్కదాన్ని బస్సెక్కి వస్తున్న. "ఎవరి జోడీ వాళ్లే" అని రూలు పెడితే నేను గోడకు కూర్చోవాలె. రామగిరి తమ్మీ, నీ భయం నాకు అర్థమైతది. గని నీ భయం జోడీ మీద కాదు, ఫోను మీద. ఇంతకుముందు ఎవరో నేను ఆడేది వీడియో తీసి స్టేటస్‌ల పెట్టిండ్రు, నాలుగు రోజులు నా ఫోను ఆగలే. ఆ రోజు నేను ఆడింది ఇంకో ఆడమనిషితోని. అయినా మాట పడ్డ. హాల్లకు ఫోన్లు రావద్దు, కిటికీకి పరదా కట్టాలె. ఈ రెండూ కాకుండ జోడీల గురించి ఎంత కొట్లాడినా లాభం లేదు.

ఇంకోటి. ఇప్పుడు మనం చప్పట్లు కొట్టి "మారండి" అంటున్నం. అది నాకు నచ్చదు. బ్యూనస్ ఎయిర్స్ మిలోంగాలల్ల కాబెసేయో అని ఉంటది, దూరం నుంచే కండ్లు కలుపుతరు, సరే అంటే తల ఊపుతరు, వద్దంటే చూపు తిప్పుకుంటరు. నోటితోని కాదనే పని లేదు, ఎవరి పరువూ పోదు. చప్పట్లతోని మార్చినప్పుడు నాకు కాదనే హక్కే లేదు. ఒకాయన చెయ్యి నా నడుము మీదికి జారితే కూడ పాట అయ్యేదాంక ఓపిక పట్టాల్సి వచ్చింది. అడుగులు నేర్పే ముందు తాండా నడుమ "థ్యాంక్స్" అని ఆపేసి పక్కకు రావచ్చని అందరికీ నేర్పుండ్రి.

రామగిరి తమ్మీ, ఇంత రాసినవు, మీ ఆమెను అడిగినవా?

గడియారం_సెంటర్
అక్కా, ఆ వీడియో సంగతి మీరు అప్పుడే చెప్పుంటే బాగుండు. ఫోన్లు ఈ ఆదివారం నుంచే గుమ్మం దగ్గర డబ్బాల. చప్పట్లు బంద్. పాలమూరు అన్న చెప్పినట్టు మొదటి గంట ఆడోళ్లు ఆడోళ్లతో, మగోళ్లు మగోళ్లతో. దానికి పాత టాంగో వాద్యబృందం నాయకుడు డారియెన్సో పాటలు పెడతం, తాళం గట్టిగ వినిపిస్తది. రెండో గంటకు అసొంటి ఇంకో నాయకుడు ది సార్లీ పాటలు, నడకకు బాగుంటది. ఆ గంట ఎవరికి ఇష్టమైతే వాళ్లతోని, ఓపెన్ ఎంబ్రేస్‌లనే (నడుమ ఎడం పెట్టి పట్టుకునుడు). కలిసి కూర్చున్న జంటను ఎవరూ పిలవద్దు. అయినా ఒకే జోడీతోని ఆడితే లీడ్ రాదనే మాట మీద నేను నిలవడ్డ. దానికి ఎవరూ జవాబు చెప్పలే.

రామగిరి_వాసి
ఫోన్లు, పరదా, మొదటి గంట ఒప్పుకుంటాను. రెండో గంటకు మాత్రం మేం కలిసే కూర్చుంటాం. అక్క ప్రశ్నకు జవాబు నేను చెప్పను, ఆమే రాస్తుంది. ఇదే ఫోన్ నుంచి.

రామగిరి_వాసి
నమస్తే అక్కా, ఆయన భార్యను. ఆయన అడగలేదు, మీరడిగాకే అడిగారు. మగవాళ్లతో మారడం నాకు వద్దు, ఇప్పటికైతే వద్దు. స్టాఫ్‌రూం భయం నిజమే. నాకు లీడ్ నేర్చుకోవాలని ఉంది, ఇంట్లో అడిగితే ఆయన ఫాలో చేయరు. మొదటి గంటలో మీతో లీడ్ చేస్తాను, నేర్పుతారా? రెండో గంటలో కూడా వాల్స్ (మూడు తాళాల టాంగో పాటలు) తాండా వస్తే మీతోనే ఆడతాను. ఆయన బల్ల దగ్గర కూర్చుని చూడొచ్చు.

మిర్యాలగూడ_అక్క
తప్పక నేర్పుత చెల్లే. రబ్బరు అడుగున్న చెప్పులు వేసుకొని రాకు, తిరిగేటప్పుడు మోకాలు పట్టేస్తది. తోలు అడుగుదైతే మంచిది, లేకుంటే సాక్సులతోని రా.