హైదరాబాద్ క్రాఫ్ట్ బీరుని ‘లోకల్’ అనొచ్చా?

గచ్చిబౌలి గ్లాసు:
శనివారం జూబ్లీహిల్స్‌లో ఒక మైక్రోబ్రూవరీకి (బీరు అక్కడే తయారుచేసి అమ్మే చోటు) వెళ్లాం. పేరెందుకులెండి. గోడ మీద ‘ఇక్కడే పుట్టిన లోకల్ బీరు’ అని పెద్దక్షరాల్లో రాసుంది. ఆరు చిన్న గ్లాసుల శాంప్లర్ చెప్పాం: హెఫెవైజెన్ (జర్మన్ గోధుమ బీరు, పొట్టిగా హెఫె), బెల్జియన్ విట్ (అదీ గోధుమదే), ఐపీఏ (చేదు ఎక్కువ), స్టౌట్ (నల్లది), ఒక యాపిల్ సైడర్, ఒక మామిడి బీరు. బాగానే ఉన్నాయి. మామిడిది మాత్రం జ్యూసులో సోడా పోసినట్టుంది.

ఇంటికొచ్చాక డౌటొచ్చింది. మాల్టు (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ) జర్మనీది, హాప్స్ (బీరుకి చేదు, వాసన ఇచ్చే పువ్వులు) అమెరికావి, ఈస్టు (పులియబెట్టేది) ప్యాకెట్టు దిగుమతి, రెసిపీ బవేరియాది. మనవి నీళ్లు, కరెంటు, బిల్లు. దీన్ని లోకల్ అంటే, సంగారెడ్డి జిల్లాలో తయారయ్యే కింగ్‌ఫిషర్‌ని ఏమనాలి? అదీ లోకలే కదా, పైగా ధర సగం కూడా లేదు. నా లెక్కలో ఈ ‘లోకల్’ అన్నది మెనూ కార్డు మాట. కాదన్నవాళ్లు చెప్పండి, వింటాను.

మాల్టు మామ:
గ్లాసు గారూ, ఏడేళ్లుగా ఈ పనిలో ఉన్నాను, ఎక్కడ అనేది అడగకండి. మీరు చెప్పింది సగం నిజం. స్పెషల్ మాల్టులు, హాప్స్ బయటి నుంచే తెప్పిస్తాం. హాప్స్ మన దేశంలో హిమాచల్‌లోని లాహౌల్ లోయలో కొద్దిగా పండుతుంది, అది ఎవరికీ చాలదు. బేస్ మాల్టు (ఎక్కువ భాగం పోసేది) మాత్రం మేం ఇండియాదే వాడతాం, రాజస్థాన్, హర్యానా వైపు బార్లీ. అక్కడ ఎక్కువగా పండేది ఆరు వరసల బార్లీ, అంటే కంకికి ఆరు వరసల గింజలు. గింజ సన్నం, ప్రోటీన్ ఎక్కువ. జర్మనీ రెండు వరసల బార్లీతో రాసిన రెసిపీ దీంతో చేస్తే మొదటి నాలుగు బ్యాచులు చెడిపోయాయి. ఆ చెడగొట్టి నేర్చుకున్నది ఉందే, అది ఇక్కడిదే.

ఇంకోటి. ఇరానీ చాయ్‌లో టీపొడి ఎక్కడిది? అస్సాంది. పేరు ఎక్కడిది? ఇరాన్‌ది. అది హైదరాబాద్‌ది కాదని నాంపల్లి స్టేషన్ బయట నిలబడి అనండి చూద్దాం.

సోడాబుడ్డి:
చాయ్ ఇరవై. నేను మొన్న తాగిన అరలీటరు గ్లాసు పన్నులతో కలిపి 450 దాటింది. పోలిక కుదర్లేదు మామా.

హిల్స్‌బరో వాన:
నేను అమెరికాలో, ఒరెగాన్‌లో పోర్ట్‌ల్యాండ్ పక్కన ఉంటాను. మా ఆఫీసులో తెలుగువాళ్లం చాలామందిమి ఉన్నాం. శుక్రవారం సాయంత్రం పప్పుచారు వాసనతో పాటు ఐపీఏ డబ్బాలు కూడా తెరుచుకుంటాయి. ఇక్కడ ‘లోకల్’ అంటే ఏమిటో చెప్తాను. విల్లమెట్ లోయలో హాప్స్ తోటలు ఊరి నుంచి గంట ప్రయాణం. క్యాస్కేడ్ అనే హాప్స్ రకాన్ని ఈ రాష్ట్రంలోనే, కోర్వాలిస్‌లో పెంచి 1972లో విడుదల చేశారు. అమెరికన్ పేల్ ఏల్‌కి (లేత రంగు బీరు) ఆ నిమ్మ, దబ్బకాయ లాంటి వాసన వచ్చింది దాన్నుంచే. సెప్టెంబరులో ఫ్రెష్ హాప్ బీర్లు వస్తాయి. పొద్దున కోసిన హాప్స్ ఎండబెట్టకుండానే అదే రోజు కాగులో పడుతుంది. నెల దాటితే ఆ రుచి ఉండదు.

అదీ లోకల్ అంటే. పొలం పక్కన ఉండాలి. హైదరాబాద్ బీరుకి పొలం ఏది? గ్లాసు గారి వైపే నేను.

మాల్టు మామ:
వాన గారూ, ఆ లెక్కన బిర్యానీలో బాస్మతి పోసిన ప్రతివాడూ పంజాబీ అయిపోవాలి.

పోనీ నీళ్ల సంగతి చూడండి. ఒకప్పుడు బీరు ఊరి నీళ్లని బట్టే పుట్టింది. ఇంగ్లండ్‌లో బర్టన్ ఊరి నీళ్లలో జిప్సం ఎక్కువ, అందుకే అక్కడి పేల్ ఏల్‌లో చేదు పదునుగా తేలింది. చెక్ దేశంలో పిల్జెన్ నీళ్లు మెత్తన, అక్కడ పిల్స్‌నర్ పుట్టింది. ఇప్పుడు మేం నీళ్లని ఆర్‌ఓ చేసి, కావలసిన లవణాలు మళ్లీ కలుపుకుంటాం. అంటే నా వాదనకి నేనే గొయ్యి తీసుకున్నట్టుంది. సరే.

అందరి దగ్గరా అవే ఆరు బీర్లు ఎందుకుంటాయో కూడా చెప్తాను, ఎలాగూ అడుగుతారు. మర్మం రుచిలో లేదు, ట్యాంకులో ఉంది. గోధుమ బీరు రెండు వారాల్లోపే ట్యాంకు ఖాళీ చేస్తుంది. అసలైన లాగర్ (కింగ్‌ఫిషర్ రకం) 9 నుంచి 12 డిగ్రీల దగ్గర నిదానంగా పులియాలి, ఆ తర్వాత సున్నా దగ్గర వారాల తరబడి పడుకోవాలి. ఆ లోపు అదే ట్యాంకులో రెండు మూడు బ్యాచుల హెఫె అమ్ముకోవచ్చు. జూబ్లీహిల్స్ అద్దె కట్టే ఓనరు ఏది చెయ్యమంటాడో మీరే చెప్పండి. పైగా హెఫెలో చేదు తక్కువ. మా దగ్గర ఒకాయన ఐపీఏ ఒక్క గుక్క తాగి, ‘కాకరకాయ ఇంట్లోనే పెడతారు కదమ్మా’ అని గ్లాసు వెనక్కి పంపాడు.

ఇదీ చెప్పాలి, రోజుకొకరు అడుగుతారు: హెఫెలో అరటిపండు వెయ్యం. ఆ వాసన ఈస్టుది, లవంగం వాసన కూడా దానిదే. పులిసేటప్పుడు వేడి కాస్త పెరిగితే అరటి ముందుకొస్తుంది.

సాగరతీరం:
వైజాగ్ నుంచి. మీ కష్టాలు వింటుంటే ముచ్చటేస్తోంది. మాకు 2019 అక్టోబరు నుంచి 2024 అక్టోబరు దాకా మద్యం షాపులన్నీ ప్రభుత్వానివే. అడిగిన బ్రాండు ఉండదు, ఉన్న బ్రాండు పేరు విని ఉండం. బూమ్ బూమ్ బీరు తాగిన తరం మాది. లోకలా కాదా అని తర్కించుకునే స్థాయికి మేమింకా రాలేదు. కానివ్వండి.

గచ్చిబౌలి గ్లాసు:
మామా, మీ ట్యాంకు లెక్క నచ్చింది. కానీ అది నా మాటనే బలపరుస్తోంది. పుణెలో డూలాలీ 2009లో, బెంగళూరులో టోయిట్ 2010లో మొదలయ్యాయి, రెండూ మైక్రోబ్రూవరీలే. మనకి మైక్రోబ్రూవరీ రూల్సే 2015లో వచ్చాయి. ఆలస్యంగా వచ్చినవాళ్లం కాబట్టి కొత్తగా ఏదైనా చేస్తామనుకుంటే, వాళ్ల మెనూనే తెచ్చి మామిడి పిండాం.

ఇంకో అనుభవం. వేరే చోట, పోయిన నెలలో, ఒక బీరులో కరిగిన వెన్న వాసన. పాప్‌కార్న్ బకెట్‌లో మూతి పెట్టినట్టు. చెప్తే ‘ఆ స్టైలే అంత సర్’ అన్నారు. నిజమా?

మాల్టు మామ:
అబద్ధం. దాన్ని డయాసెటిల్ అంటారు. పులిసేటప్పుడు పుడుతుంది, ఇంకో రెండు రోజులు ఆగితే ఈస్టే దాన్ని తినేస్తుంది. కొన్ని ఇంగ్లీషు ఏల్స్‌లో కొంచెం ఉన్నా ఒప్పుకుంటారు గానీ, మీరు చెప్పినంత ఉంటే తొందరపడి దించేశారు, లేదా పైపులు కడగలేదు. వారాంతం రద్దీకి ట్యాంకు ఖాళీ చెయ్యాల్సొచ్చి ఉంటుంది.

లొట్టి:
‘దించేశారు’ అన్నారు చూడండి, ఆ మాట దగ్గర ఆగాను.

మాది నల్లగొండ వైపు. నాన్న గీత కార్మికుడు, ఇప్పటికీ తాళ్లెక్కుతాడు. నేను మాదాపూర్‌లో ఉద్యోగం. పోయిన దసరాకి నాన్న ఇక్కడికొస్తే, చూపిద్దామని ఒక బ్రూవరీకి తీసుకెళ్లాను. మొదట రానన్నాడు. మెట్ల దగ్గర స్టీలు ట్యాంకులు చూసి, ‘గింత పెద్ద లొట్లా’ (కల్లు కుండలా) అని లోపలికొచ్చాడు. హెఫె గ్లాసు పెడితే తాగలేదు. వాసన చూసి వెయిటర్‌ని అడిగాడు: ‘ఎప్పుడు దించిండ్రు బిడ్డా?’

ఆ పిల్లాడికి అర్థం కాలేదు. నేను చెప్పాక లోపలికి వెళ్లొచ్చి ‘ఫ్రెష్ సర్’ అన్నాడు. నాన్న వదల్లేదు. ‘ఫ్రెష్ అంటే? పొద్దటిదా, మాపటిదా?’

మా ఊళ్లో కల్లు తాగేవాళ్లు మొదట అడిగేది అదే. పొద్దున దించింది తియ్యగా ఉంటుంది, మధ్యాహ్నానికి పదునెక్కుతుంది, మర్నాటికి పులుపే. ఏ చెట్టుది, పోతు తాడా పరుపు తాడా, ఈతదా, ఎవరు గీశారు, అన్నీ తెలిసే తాగుతారు. బాగాలేకపోతే గీసినవాణ్ణి ఇంటికెళ్లి అడుగుతారు. నాన్నని అడిగారు కూడా, నా చిన్నప్పుడు.

కాబట్టి నా అభిప్రాయం వేరే. మాల్టు జర్మనీదా హర్యానాదా అన్నది నాకు పట్టదు. ఇది ఎవరు చేశారు, ఎప్పుడు దించారు అని అడిగితే జవాబు వస్తే లోకల్. ‘ఫ్రెష్ సర్’ అని వస్తే కాదు. సంగారెడ్డి సీసా మీద కనీసం తేదీ ఉంటుంది.

సోడాబుడ్డి:
అన్నా, కల్లుని మరీ ఆకాశానికి ఎత్తకండి. 2025 జూలైలో కూకట్‌పల్లి వైపు కల్తీ కల్లుతో మనుషులు చచ్చిపోయారు. అల్ప్రాజోలం, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తుమందులు కలిపిన కల్లు కేసులు ఎన్ని చూశాం? మైక్రోబ్రూవరీలో వెన్న వాసన వస్తుందేమో గానీ ప్రాణం పోదు.

లొట్టి:
పోయినవాళ్లలో ఎక్కువమంది కూలిపని చేసుకునేవాళ్లే, మర్చిపోలేదు. దాన్ని వెనకేసుకురావడం లేదు. కానీ చెట్టు ఒకటీ కనపడని చోట పీపాలకొద్దీ కల్లు దొరికితే, అది ఎక్కడి నుంచి దించారో ఎవరూ అడగలేదన్నమాట. నేను చెప్పేది కూడా ఆ ప్రశ్న గురించే.

హిల్స్‌బరో వాన:
లొట్టి గారూ, మీ పోస్టు మా ఆవిడకి చదివి వినిపించాను. ఇక్కడ డబ్బాల అడుగున ప్యాకింగ్ తేదీ ఉంటుంది. ఐపీఏ కొనేటప్పుడు తిప్పి చూసి రెండు నెలలు దాటితే పెట్టేస్తాను, హాప్స్ వాసన ముందుగా పోయేది దాన్లోనే. పొలం పొలం అన్నాను గానీ, షాపులో నేను చూసేది తేదీనే.

సాగరతీరం:
తిప్పి చూడటం అంటే గుర్తొచ్చింది. మా బాబాయి సీసాని నీళ్ల గ్లాసులో తలకిందులు చేసి గ్లిజరిన్ దింపేవాడు. అందులో గ్లిజరిన్ ఉండదని ఎంత చెప్పినా వినలేదు. ‘బీరు చలవరా’ అని కూడా అనేవాడు, మే నెలలో.

గచ్చిబౌలి గ్లాసు:
సరే, నా ప్రశ్న కాస్త మారుస్తున్నాను. మామా, తేదీ బోర్డు మీద రాయడానికి మీకేంటి ఇబ్బంది?

మాల్టు మామ:
నిజం చెప్పనా? ఓనరు. ‘తేదీ రాస్తే పాత ట్యాంకుది ఎవరు తాగుతారు’ అంటాడు. స్టౌట్‌కి కొన్ని వారాలు మంచివే, అయినా జనం తేదీ చూసి దూరంగా జరుగుతారట.

ఈ గొడవ మొదలైనప్పటి నుంచి బుర్రలో తిరుగుతోంది ఇది. ఆదివారం సుద్దముక్కతో మూడు ట్యాపుల మీద తేదీలు రాశాను, ఓనరు ఊళ్లో లేడు. హెఫె దగ్గర ఇద్దరు ఫొటో తీసుకున్నారు. ఒకాయన ఐపీఏ తేదీ చూసి విట్ అడిగాడు. నష్టం అదొక్కటే.

ఇంకోటి కూడా నడుస్తోంది, పొలం అడిగినవాళ్ల కోసం. జొన్నలతో చిన్న బ్యాచు. మొలకెత్తించి ఎండబెట్టేదాకా బాగానే ఉంది, ఆ తర్వాత ఇబ్బంది. బార్లీకి పొట్టు ఉంటుంది, వడకట్టేటప్పుడు ఆ పొట్టే జల్లెడలా పనిచేస్తుంది. జొన్నకి అది లేదు. మొదటిసారి మొత్తం గంజై కూర్చుంది, మూడు గంటలు గరిటెలతో తోడాం. అదంతా శంకర్‌పల్లి గేదెలకి వెళ్లింది, వాటికి మా పిప్పి ఎలాగూ అలవాటే. రెండోసారి రైసు మిల్లు నుంచి వరి ఊక తెచ్చి, కడిగి కలిపాం. దిగింది. రుచి ఇంకా చెప్పను, కొంచెం పుల్లగా ఉంది.

లొట్టి:
తేదీల సంగతి నాన్నకి ఫోన్లో చెప్పాను. ‘పొద్దటిదో మాపటిదో అది గూడ రాయమను’ అన్నాడు.