హ్యామక్‌లో అడుగు నుంచి చలి: ఏ కాలానికి ఏం వేసుకోవాలె?

బత్తాయితోట_నల్లగొండ

తోటల రాత్రి కాపలాకు రెండు వేపచెట్ల నడుమ హ్యామక్ (గుడ్డ ఊయల) కట్టిన. ఒంటి పొర నైలాన్ గుడ్డ, పొడవు 3.3 మీటర్లు. నా బరువు 70 కిలోలు. లోపల దుప్పటి మడిచి పరిచిన, మీద బొంత కప్పుకుంటున్న. అయినా రాత్రి రెండు దాటినంక నడుము, పిరుదులు, భుజాల కింద సల్లగ కొడ్తున్నది. మీదనేమో చెమట పడుతున్నది. అండర్‌క్విల్ట్ (హ్యామక్ కింద వేలాడదీసే బొంత) కొనాల్నా, ఫోమ్ చాప సరిపోతదా, లేకుంటే ఇక్కడ్నే కుట్టించుకోవచ్చా? ఎండాకాలం, వానాకాలం కూడా దీంట్లనే పండాలె.

అమ్రాబాద్_అడవిబాట

అన్నా, లోపల పరిచిన దుప్పటి మీ బరువుకే నలిగిపోతున్నది. వెచ్చగ ఉంచేది గుడ్డ కాదు, గుడ్డల నిలిచిన గాలి. నలిగినంక ఆ గాలి ఉండదు. మంచం మీదైతే కింద పరుపు అడ్డముంటది. హ్యామక్‌కు అడుగు నుంచి గాలి తగుల్తనే ఉంటది, ఒంటి వేడిని ఎప్పటికప్పుడు ఎత్తుకపోతది. కాబట్టి మీద ఇంకో బొంత వేసినా చెమటే గని చలి ఆగదు.

వెచ్చదనం గుడ్డకు బయట, అడుగున వేలాడాలె. అండర్‌క్విల్ట్ చేసే పని అదే. మీ బరువు దాని మీద పడదు కాబట్టి ఉబ్బు అట్లనే ఉంటది. గాలి 20 డిగ్రీల కన్న కిందికి దిగితే చాలామందికి అడుగున ఏదో ఒకటి కావాలె. మన దిక్కు డిసెంబరు, జనవరిల తెల్లారుజామున 10–15 డిగ్రీలు మామూలే. 5 డిగ్రీల దాకా పనికొచ్చేది తీసుకుంటే చాలు. మంచు ప్రదేశాల కోసం చేసిన దళసరి రకం ఇక్కడ దండగ, ఉక్కపోస్తది.

పక్షుల మెత్తటి ఈకలు (డౌన్) నింపిన క్విల్ట్ తేలిక, చిన్నగ మడత పడతది. కాని తడిస్తే ఉబ్బు పోతది, మళ్ల ఆరనీకె చాన సేపు పడతది. పొద్దుగాల మంచు పడే తోటల సింథటిక్ ఫైబరే నయం. మెడ కింది నుంచి మోకాళ్ల వెనక దాకా వచ్చే ముప్పావు సైజు చాలు. పాదాల కింద ఒక బొంత ముక్క పెట్టుకోండ్రి.

కొన్నంక అసలు పని బిగింపుది. చానమంది ఇక్కడ్నే తప్పుతరు. వదులుగ ఉంటే గుడ్డకు క్విల్ట్‌కు నడుమ సందు పడి చల్లగాలి దూరుతది. బాగా గుంజి కడితే నలిగి పలచనైతది. మీరు పండుకున్నంక ఇంకొకరిని అడుగున చెయ్యి పెట్టి చూడమనండ్రి. క్విల్ట్ వీపుకు తాకుతుండాలె, ఉబ్బు మాత్రం తగ్గొద్దు. తల దిక్కు, కాళ్ల దిక్కు అంచుల తాడు గుంజి మూతి మూయండ్రి. చలి ఎక్కువ దూరేది ఆ రెండు మూతుల నుంచే.

పాలమూరు_దారి

క్విల్ట్ మంచిదే, కాదనను. కానీ చలి రెండు నెలలే కదా, ముందు చాపతో చూడండి. 10 మిల్లీమీటర్ల మందం ఉన్న ఫోమ్ చాప, గాలి బుడగలు మూసుకుని ఉండే రకం అడగండి. స్పాంజి వద్దు, అది నలుగుతుంది, నీళ్లూ పీలుస్తుంది. చాపతో మూడు ఇబ్బందులున్నాయి. 50–55 సెంటీమీటర్ల వెడల్పు భుజాలకు చాలదు, అందుకని 60 సెంటీమీటర్ల యోగా చాప నుంచి మీటరు ముక్క కోసి భుజాల దగ్గర అడ్డంగా వేయాలి. నైలాన్ మీద చాప జారుతుంది. రెండు పొరల హ్యామక్ అయితే పొరల నడుమ దూర్చొచ్చు. మీది ఒంటి పొర కాబట్టి నాలుగు మూలలా నాడాలు కుట్టించి గుడ్డకు కట్టండి. మూడోది, చాపకు గాలి ఆడదు, వీపు కింద చెమ్మ చేరుతుంది. చాప మీద పలచని నూలు దుప్పటి వేస్తే ఆ చెమ్మ పీల్చుకుంటుంది.

ఇంట్లో గొంగడి ఉంటే మడిచిన దుప్పటి బదులు దాన్ని రెండు మడతలు పరిచి చూడండి. గొర్రె ఉన్ని నూలంత తొందరగా నలగదు, కాస్త చెమ్మగిల్లినా వెచ్చగానే ఉంటుంది. 15 డిగ్రీల వరకు అదే సరిపోవచ్చు. మన కురుమలు నేసిన దక్కనీ ఉన్ని గొంగడి మూలన పడి ఉండడం కన్నా ఇది మేలు.

కుట్టుమిషన్_దేవరకొండ

అండర్‌క్విల్ట్ కుట్టడం కష్టం కాదు. పొడవు 1.4 మీటర్లు, వెడల్పు 1.2 మీటర్లు. పలచని నైలాన్ లేదా జాకెట్ల లోపలి లైనింగ్ గుడ్డ రెండు ముక్కలు, నడుమ చదరపు మీటరుకు 200 గ్రాముల ఫైబర్ షీటు. కుట్టుకు నలువైపులా 4 సెంటీమీటర్లు ఎక్కువ కోయాలి. రెండు గుడ్డలు ఎదురెదురుగా పెట్టి, పైన షీటు పరిచి మూడు వైపులా కుట్టి, తిరగేసి, నాలుగో వైపు మూయాలి. తర్వాత నాలుగు అంచుల్లో 2.5 సెంటీమీటర్ల గొట్టం మడిచి కుట్టాలి. పొడుగు అంచుల గొట్టాల్లో 3–4 మిల్లీమీటర్ల ఎలాస్టిక్ తాడు దూర్చి, కొసలు హ్యామక్ రెండు చివరలకు కొక్కేలతో తగిలించాలి. పొట్టి అంచుల్లో మూతి బిగించే తాడు ఉండాలి.

దర్జీకి ఒకటి గట్టిగా చెప్పండి: బొంతకు వేసినట్టు దగ్గర దగ్గర కుట్లు వేయొద్దు. కుట్టు పడ్డ ప్రతి గీత దగ్గర షీటు నలుగుతుంది, అక్కడే చలి. నడుమ నాలుగైదు చోట్ల చుక్క కుట్లు చాలు. మామూలు దూది కూడా వద్దు. మంచుకు బరువెక్కి, ముద్దకట్టి ఒక పక్కకు జారుతుంది.

బత్తాయితోట_నల్లగొండ

ముందు గొంగడితో చూసి, ఆగకుంటే కుట్టిస్త. చెట్ల నడుమ దూరం 6 మీటర్లు, అందుకే బిగించి కట్టిన. తప్పా? ఎండాకాలం దోమల సంగతేంది?

అమ్రాబాద్_అడవిబాట

తప్పే అన్నా. తాడు నేలకు 30 డిగ్రీల వాలున ఉంటే 70 కిలోల మనిషికి ఒక్కో దిక్కు 70 కిలోల గుంజుడే పడతది. వాలు 15 డిగ్రీలైతే అది 135 కిలోలు. పట్టీలు తెగేది, ముడులు జారేది అట్లనే. బిగించిన హ్యామక్‌ల ఐమూలగ పండలేరు, భుజాలు నొక్కుకుంటయి, క్విల్ట్ కూడా సరిగ కూసోదు. 6 మీటర్ల దూరానికి చెట్టుకు సుమారు 2.1 మీటర్ల ఎత్తున కట్టండ్రి. హ్యామక్ రెండు కొసల నడుమ 2.75 మీటర్ల సన్న తాడు కడితే ఎన్నిసార్లు విప్పి కట్టినా వంపు ఒక్క తీరే ఉంటది. బత్తాయి చెట్లకు కట్టకుండ్రి, వేపలే నయం. తాటిచెట్ల కింద అసలే వద్దు, మట్టలు పడతయి.

ఎండాకాలం అడుగున ఏం వద్దు. అప్పుడు కింది గాలే సుఖం. మీద పలచని నూలు దుప్పటి చాలు. కాని దోమలు ఒంటి పొర నైలాన్ గుడ్డల నుంచి వీపును కుడతయి. దోమతెర పైన మాత్రమే వేస్తే లాభం లేదు, చుట్టూత హ్యామక్ అడుగు కూడా కప్పాలె, వీపుకు తాకకుండ దూరముండాలె.

వానాకాలం 12 అడుగుల పొడవు, 9 అడుగుల వెడల్పు తాడిపత్రి (టార్పాలిన్) కొసలు వాలుగ కట్టండ్రి. పట్టీల మీద, తాడిపత్రి కింది భాగంల ఒక నూలు దారం ముడేస్తే పట్టీ వెంట జారే నీళ్లు దాని కొస నుంచి కింద పడతయి. లేకుంటే ఆ నీళ్లే హ్యామక్‌లకు వచ్చి గొంగడిని తడుపుతయి. అదే తాడిపత్రి చలికాలం తీసెయ్యకుండ్రి, మంచును, గాలిని ఆపుతది. ఇంకొకటి, వేడి కోసం అడుగున నిప్పుల కుంపటి పెట్టొద్దు. నైలాన్ కరుగుతది, ఫైబర్ షీటు అంటుకుంటది.