పానార్పణము దేవుని బల్లమీది పానీయమా, మనిషి వదులుకున్న ద్రాక్షారసమా?

ద్రాక్షవల్లి:

గత ఆదివారం మా సంఘంలో పౌలు తిమోతికి రాసిన రెండవ పత్రికలోని "నేనిప్పుడే పానార్పణముగా పోయబడుచున్నాను" (4:6) అనే మాట మీద ప్రసంగం జరిగింది. పానార్పణమంటే, అంటే బలితోపాటు దేవునికి పోసే ద్రాక్షారసమంటే, చివరి బొట్టు వరకు తనను తాను కుమ్మరించుకోవడమనీ, మోషే ధర్మశాస్త్రంలో కూడా దాని అర్థం అదేననీ ప్రసంగీకులు చెప్పారు. ఇంటికి వచ్చి సంఖ్యాకాండము 15వ అధ్యాయం తెరిస్తే, అక్కడ నాకు కుమ్మరించుకోవడం కంటే వంటింటి కొలతలే ఎక్కువగా కనిపించాయి. గొర్రెపిల్లకు ముప్పావు, పొట్టేలుకు పడి, కోడెకు పడిన్నర ద్రాక్షారసం. దేనితో ఎంత ద్రాక్షారసమో అంతే నూనె, ఆ నూనెతో కలపడానికి తగినంత పిండి. (హీబ్రూలో ఇవి హీను అనే కొలతలో పావు, మూడో వంతు, సగం. హీనును మూడు పడులుగా తీసుకుని మన పాత అనువాదకులు ఎంత చక్కగా సరిపెట్టారో చూడండి.) మాంసం, పిండి, నూనె, ద్రాక్షారసం ఒకచోట చేరితే దాన్ని భోజనమనకుండా ఇంకేమంటాం? పౌలు చెప్పిన భావాన్ని వెనక్కి తీసుకువెళ్లి మోషే ధర్మశాస్త్రంలో చదువుకుంటున్నామేమోనని నా అనుమానం. తెలిసినవారు చెప్పగలరు.

కొలపాత్ర:

మీ అనుమానం సరైనదేనని నా అభిప్రాయం. పానార్పణానికి హీబ్రూలో 'నెసెక్' అంటారు. పోయడం అనే ధాతువు నుంచి వచ్చిన మాట. కరిగించిన లోహాన్ని పోసి చేసిన విగ్రహానికి కూడా అదే ధాతువు నుంచి పేరు వచ్చింది కాబట్టి, ఆ మాటలో పోయడమనే పని తప్ప త్యాగమనే భావం ఏమీ లేదు. ఇక సందర్భం చూడండి. నిర్గమకాండము 29:40 ప్రకారం ఉదయం ఒక గొర్రెపిల్ల, సాయంత్రం ఒక గొర్రెపిల్ల, ప్రతిదానితోనూ పిండి, నూనె, ద్రాక్షారసం. అంటే రోజుకు రెండు పూటలు. సంఖ్యాకాండము 28వ అధ్యాయం ఈ నిత్యబలినే యెహోవా 'నా ఆహారము' అని అన్నట్టు చెబుతుంది. సన్నిధి రొట్టెలుంచే బల్లకు చేయించిన ఉపకరణాలలో పానార్పణ పాత్రలు కూడా ఉన్నాయి (నిర్గమ 25:29). బల్ల, రొట్టె, పాత్ర ఉన్న గదిని భోజనశాల అనడానికి పెద్ద పాండిత్యం అక్కరలేదు.

ఇది ఇశ్రాయేలీయుల సొంత ఊహ కూడా కాదు. బబులోను దేశంలోని ఉరుకు నగరపు ఆలయంలో 'అను' అనే దేవుడికి ఉదయం రెండుసార్లు, సాయంత్రం రెండుసార్లు భోజనం వడ్డించి, పాత్రలతో పానీయాలు పెట్టేవారని అక్కడి ఆలయ విధుల పలకలు చెబుతున్నాయి. ఆ కాలపు మనుషులకు దేవాలయమంటే దేవుడి ఇల్లు, ఇంటికి వంటా వడ్డనా తప్పవు. న్యాయాధిపతులు 9:13లో యోతాము చెప్పిన కథలో ద్రాక్షావల్లి తన రసం దేవుళ్లనూ మనుషులనూ సంతోషపెడుతుందని గొప్పగా చెప్పుకుంటుంది. ద్రాక్షావల్లికి తెలిసిన సంగతి మన ప్రసంగీకులకు తెలియకపోవడమే విచిత్రం.

పాతప్రతి:

కొలపాత్ర గారు వంటిల్లంతా చూపించారు గాని, తాగినవారెవరో చూపించలేదు. నైవేద్యపు పిండిలో పిడికెడు కాల్చి మిగిలినది యాజకులు తినే సందర్భాలు లేవీయకాండము 2వ అధ్యాయంలో ఉన్నాయి. సమాధానబలి మాంసం తెచ్చినవాడి కుటుంబానికి కూడా చేరుతుంది. ద్రాక్షారసం మాత్రం ఎవరి నోటికీ చేరదు. పైగా ప్రత్యక్ష గుడారంలోకి వెళ్లే యాజకులు ద్రాక్షారసం గాని మద్యం గాని ముట్టకూడదని లేవీయకాండము 10:9 ఆజ్ఞ. బల్ల మీద అందరికీ వాటా ఉండి ఒక్క పాత్ర మాత్రం అందరికీ నిషిద్ధమైతే, ఆ పాత్రను భోజనంలో భాగంగా లెక్కవేయడం ఎలా? మన భాషలో నైవేద్యమనే మాట కూడా ఇక్కడ కొంత దారి తప్పిస్తోంది. దేవుడికి చూపించి ప్రసాదంగా తిరిగి తెచ్చుకునే అలవాటు ఆ మాటకు ఉంది కాబట్టి, దాని పక్కనే ఉన్న పానార్పణం కూడా తిరిగి వస్తుందని తెలియకుండానే అనుకుంటాం.

ఎక్కడ పోసేవారన్నది కూడా ముఖ్యమే. క్రీస్తుపూర్వం 180 ప్రాంతంలో రాసిన యూదుల జ్ఞానగ్రంథం సీరాకు 50వ అధ్యాయంలో ప్రధానయాజకుడు సీమోను పాత్ర చేతబట్టి 'ద్రాక్ష రక్తాన్ని' బలిపీఠం అడుగున పోశాడని ఉంది. మొదటి శతాబ్దంలో యూదు చరిత్రకారుడు జోసెఫస్ కూడా ద్రాక్షారసాన్ని బలిపీఠం చుట్టూ పోస్తారనే రాశాడు. పాపపరిహారబలి రక్తంలో మిగిలినది పోసేది కూడా బలిపీఠం అడుగుననే (లేవీయ 4:7). రక్తం పోసే చోటే ద్రాక్షారసం పోసి, దాన్నే ద్రాక్ష రక్తమని పిలిచినప్పుడు, అది వడ్డన కాదు, ప్రాణాన్ని దాని యజమానికి అప్పగించడం.

ఆదికాండము 35:14 చూడండి. గ్రంథంలో నెసెక్ మొదటిసారి కనిపించేది అక్కడే. యాకోబు బేతేలులో నిలబెట్టిన రాతి స్తంభం మీద పానార్పణం పోసి, నూనె పోశాడు. ఆ వచనంలో గొర్రెపిల్ల లేదు, పిండి లేదు, బల్ల లేదు. రెండవ సమూయేలు 23వ అధ్యాయంలో ముగ్గురు శూరులు ఫిలిష్తీయుల దండులోంచి దూసుకుపోయి బేత్లెహేము బావి నీళ్లు తెస్తే, దావీదు వాటిని తాగకుండా యెహోవాకు ధారపోశాడు. అక్కడి క్రియ కూడా నెసెక్ ధాతువుదే. దాహంతో ఉన్న మనిషి చేతిలోని నీళ్లు వదులుకున్నాడు. వాటిని ప్రాణాలకు తెగించిన మనుషుల రక్తమని కూడా అన్నాడు. పానార్పణానికి ఇంతకంటే స్పష్టమైన వ్యాఖ్యానం నాకు దొరకలేదు.

ఈతవనం:

నేను క్రైస్తవుణ్ని కాను, హీబ్రూ రాదు. అయినా ఒక మాట చెప్పాలనిపించింది. మాది తెలంగాణలో తాళ్లు గీసే కుటుంబం. కాటమయ్య పండుగనాడు మా తాత ముంతలోంచి కల్లు సాక పోసేవాడు. ఆ ధార నేలలో ఇంకిపోయే వరకు ఎవరూ ముంత అందుకునేవారు కాదు. దేవుడు తాగాడా, మనం వదులుకున్నామా అని మా ఇంట్లో ఎవరూ అడగలేదు. ముందు ఆయనకు, తరువాత మనకు, అంతే. యూదులలో కూడా ఈ ముందు వెనుకల సంగతే అసలు విషయమేమో?

కొలపాత్ర:

ఈతవనం గారు తెలియకుండానే నా వైపు సాక్ష్యం చెప్పారు. మొదటి వాటా ఇవ్వడమంటే పంక్తిలో పెద్దవాడికి ముందు వడ్డించడమే కదా. లేవీయకాండము 23:13-14లో ప్రథమ పన అర్పించే రోజున గొర్రెపిల్లతోపాటు పావు హీను ద్రాక్షారసం పోయాలనీ, అది జరిగే వరకు కొత్త పంట తినకూడదనీ ఉంది. అయితే రెండూ ఒకటేనని నేననను. సాక పోశాక ముంతలో మిగిలిన కల్లు మీ తాతగారికీ దక్కుతుంది; నిత్యబలి ద్రాక్షారసంలో లేవీయుడికి చుక్క కూడా దక్కదు. అక్కడ పాతప్రతి గారి మాట ఒప్పుకోక తప్పదు.

కాని ఆయన మిగిలిన వాదన అతికినట్టు లేదు. దావీదు పోసినది బలిపీఠం దగ్గర కాదు, విధి ప్రకారమూ కాదు. మనసు కదిలిన ఒక్క క్షణంలో చేసిన పనిని పట్టుకుని రోజుకు రెండు పూటలా జరిగే ఆలయ విధికి అర్థం చెప్పకూడదు. జనం దీన్ని ఎలా అర్థం చేసుకున్నారో తెలియాలంటే యిర్మీయా 44వ అధ్యాయం చదవాలి. ఐగుప్తుకు చేరిన యూదా స్త్రీలు ఆకాశరాణి అనే దేవతకు ఆమె రూపం పోలిన పిండివంటలు చేసి, పానార్పణాలు పోశామని దాపరికం లేకుండా చెబుతారు. అలా చేసినంత కాలం తమకు తిండికి లోటు లేదనీ, మానేసిన దగ్గర నుంచే అన్నీ కరువయ్యాయనీ ప్రవక్తకే ఎదురు చెబుతారు. అది త్యాగం చేసినవారి భాష కాదు, వడ్డించినవారి భాష. ఎడ్ల మాంసం నేను తింటానా, మేకపోతుల రక్తం తాగుతానా అని 50వ కీర్తనలో దేవుడు అడిగాడంటే, అలా అనుకునేవారు చుట్టూ ఉన్నారనే అర్థం. లేని నమ్మకాన్ని ఎవరూ ఖండించరు.

పాతప్రతి:

ఖండించారని మీరే అంటున్నారు. ఖండించిన నమ్మకాన్నే విధి అర్థమంటే ఎలాగండీ? ద్వితీయోపదేశకాండము 32:38లో కూడా పానార్పణాల ద్రాక్షారసం తాగిన దేవుళ్లెక్కడ, వచ్చి మిమ్మల్ని ఆదుకోమనండి అని ఎగతాళే ఉంది. తాగడం అన్యదేవతల పని అని ఆ కవి స్పష్టంగానే గీత గీశాడు.

ద్రాక్షవల్లి:

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఈ రెండు రోజులూ మీరిచ్చిన వచనాలన్నీ తీసి చదివాను. నాకు మాత్రం తాగడం, వదులుకోవడం అనే రెండింటికీ బయట ఇంకొకటి కనిపిస్తోంది. యూదు గురువుల పాత విధుల సంకలనమైన మిష్నాలో తామీద్ అనే భాగం 7వ అధ్యాయంలో నిత్యబలి చివరి ఘట్టం ఉంది. ప్రధానయాజకుడు ద్రాక్షారసం పోయడానికి వంగగానే ఉపయాజకుడు వస్త్రం ఊపుతాడు, తాళాలు మోగుతాయి, లేవీయులు పాట అందుకుంటారు. పాటలో ఒక్కో భాగం ముగిసినప్పుడు బూర ఊదితే జనమంతా సాగిలపడతారు. గొర్రెపిల్లను కోసినప్పుడు గాని, కాల్చినప్పుడు గాని రాని పాట, ద్రాక్షారసం ధార కట్టినప్పుడే వస్తుంది. యోవేలు మొదటి అధ్యాయంలో మిడతలు ద్రాక్షచెట్లను పాడుచేశాక నైవేద్యమూ పానార్పణమూ యెహోవా మందిరంలోకి రాకుండా నిలిచిపోయాయని యాజకులు ఏడుస్తారు. దేవుడు ఆకలితో ఉన్నాడని వారి ఏడుపు కాదు. పొలంలో కళ్లం ఎండితే గుడిలో పాట ఆగిపోతుంది, అదీ వారి దుఃఖం. నాజీరు మొక్కుబడి కూడా ఇలాగే తోచింది నాకు. మొక్కు ఉన్నంత కాలం ద్రాక్షతొక్క కూడా ముట్టనివాడు, అది తీరిన రోజున అర్పణలతోపాటు పానార్పణమూ తెచ్చి, ఆ తరువాతే ద్రాక్షారసం తాగవచ్చు (సంఖ్యా 6). అక్కడ అది అనుమతిలాగా, సంతోషానికి తలుపు తీసినట్టుగా ఉంది.

కాబట్టి మా ప్రసంగీకులు పౌలు గురించి చెప్పినది పౌలు వరకు ఒప్పుకుంటాను. మోషే విషయంలో మాత్రం ఒప్పుకోలేను.

పాతప్రతి:

పాట సంగతి నాకు తట్టలేదు, బాగుంది. దానికి తోడుగా ఒకటి చెప్పి విరమిస్తాను. బలిపీఠం మీద పోసిన ద్రాక్షారసం కిందనున్న గోతిలోకి దిగేది. డెబ్బై ఏళ్లకొకసారి యువ యాజకులు ఆ గోతిలోకి దిగి, గడ్డకట్టి అత్తిపండ్ల ముద్దల్లా మారిన ద్రాక్షారసాన్ని ఏరి తెచ్చి, పరిశుద్ధ స్థలంలోనే కాల్చేవారని, మిష్నా మీద యూదు గురువుల చర్చలున్న తల్మూదులో సుక్కా అనే భాగంలో ఉంది. అందుకు వారు చూపిన ఆధారం సంఖ్యాకాండము 28:7. పోయడం పరిశుద్ధ స్థలంలో జరగాలని ఉంది కాబట్టి కాల్చడం కూడా అక్కడే జరగాలని. నేల తాగిందనుకున్నదాన్ని కూడా వెనక్కి తీసుకుని కాల్చారంటే, నా 'వదులుకోవడం' అక్కడ నిలవదని ఒప్పుకుంటున్నాను. కొలపాత్ర గారి వడ్డన నిలుస్తుందో లేదో ఆయనే చెప్పాలి.

కొలపాత్ర:

డెబ్బై ఏళ్లు బల్లమీద ఉంచి తీసేసిన పాత్రను వడ్డన అనడం కష్టమేనండి.