రోమన్ శిల్పాల్లోని పాములన్నీ ఒకే దేవతకు చెందినవేనా?

ప్రశ్న:
వాటికన్ మ్యూజియంలో సింహం తలతో ఉన్న ఒక పాలరాతి విగ్రహాన్ని చూశాను. దాని ఒంటిని పాము చుట్టు మీద చుట్టుగా పెనవేసుకుని, తన తలను సింహం తలపై ఆనించి ఉంది. తరవాత ఇటలీలోని ప్రాచీన రోమన్ పట్టణం పాంపేలో వెట్టీల ఇంటి పూజాగూటిలోనూ పెద్ద పాము కనిపించింది. దానికి తురాయి, గడ్డం కూడా ఉన్నాయి. రెండూ ఒకే దేవతను సూచిస్తాయా?

జవాబు 1:
సూచించవు. పాంపేలోని ఆ చిత్రంలో పైన మధ్యలో తలపై ముసుగు కప్పుకుని నిలబడ్డవాడు ఇంటి యజమాని ప్రాణశక్తిగా రోమన్లు కొలిచిన జీనియస్. అతనికి రెండు పక్కలా నాట్యమాడుతున్నవారు గృహరక్షకులైన లారెస్. వారి కాళ్ల కింద, బలిపీఠం వైపు పాకుతున్న పామును ఆ స్థలాన్ని కాచే శక్తిగా భావించాలి. ఇలాంటి గూళ్లలో పాముకు నైవేద్యంగా కోడిగుడ్లు, పైన్ కాయలు చిత్రించడం మామూలే. గోడ మీద రెండు పాములు గీస్తే చాలు, అది పవిత్రస్థలమనీ పిల్లలు అక్కడ మూత్రం పోయకూడదనీ అర్థమవుతుందని మొదటి శతాబ్దపు రోమన్ కవి ఒకరు వేళాకోళంగా రాశారు కూడా!

జవాబు 2:
వైద్యదేవత ఈస్కులేపియస్ పామును కూడా వేరుగానే చూడాలి. క్రీ.పూ. 293లో రోమ్‌లో మహమ్మారి చెలరేగినప్పుడు గ్రీసులోని ఎపిడారస్‌కు దూతలను పంపారనీ, అక్కడి దేవుడి పాము తనంతట తానే వారి ఓడ ఎక్కి వచ్చి టైబర్ నదిలోని దీవిలో దిగిందనీ, అందుకే గుడి అక్కడ కట్టారనీ రోమన్లు చెప్పుకున్నారు. ఆ దీవి అంచును ఓడ ఆకారంలో రాతితో కట్టారు. పాము చుట్టుకున్న దండం ఆ రాతి మీద ఇప్పటికీ కనిపిస్తుంది. ఈస్కులేపియస్ దండానికి ఒకే పాము, దేవతల దూత మెర్క్యురీ దండానికి రెండు. చాలామంది పొరబడేది ఇక్కడే.

జవాబు 3:
మీరు చూసిన సింహముఖుడు రోమ్ రేవుపట్టణమైన ఓస్టియాలో, రోమన్లు రహస్య పూజలతో కొలిచిన మిథ్రాస్ అనే దేవుడి ఆలయంలో దొరికాడు. శాసనం ప్రకారం క్రీ.శ. 190 నాటివాడు. నాలుగు రెక్కలు, చేతుల్లో తాళంచెవులు, రొమ్ము మీద పిడుగు ఉన్న ఈ మూర్తిని కాలదేవతగానూ, ఆ చుట్లను సూర్యగమనంగానూ చాలాకాలంగా వ్యాఖ్యానిస్తున్నారు. నాకు ఈ వ్యాఖ్య సబబుగానే తోస్తుంది. అయితే మిథ్రాస్ ఎద్దును వధించే శిల్పాల్లో కుక్కతో పాటు నెత్తురు వైపు సాగే పాముకు ఈ అర్థం అతకదు. దానిని హైడ్రా (నీటిపాము) నక్షత్రరాశిగా చెప్పేవారున్నారు.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలు. నేను తీసుకున్న ఫొటోను మళ్లీ పెద్దది చేసి చూశాను. విగ్రహం పాదాల దగ్గర సుత్తి, పట్టకారు, కోడిపుంజులతో పాటు మెర్క్యురీ దండం కూడా చెక్కి ఉంది. పెద్ద పామును చూస్తూ దానిని గమనించనేలేదు.