రెండేళ్ల లోపు పాపకి ఫ్లైట్‌లో వేరే సీటు కొనాలా, ఒళ్లో పెట్టుకుంటే సరిపోతుందా?

చిన్ని_వాళ్లమ్మ:
అందరికీ నమస్తే. మా పాపకి 14 నెలలు, 10 కిలోలు ఉంటుంది. వచ్చే నెల 9 గంటల రాత్రి ఫ్లైట్ ఉంది. రెండేళ్లు నిండలేదు కదా, ఒళ్లో కూర్చోబెట్టుకుందాం, వేరే సీటు దండగ అంటారు మావారు. నాకేమో మనసొప్పట్లేదు. కారులో పక్క వీధికి వెళ్లాలన్నా పాపకి బెల్టు పెట్టందే బండి కదలనివ్వను, అలాంటిది అంత స్పీడ్‌లో వెళ్లే విమానంలో చేతుల్లో పట్టుకుని కూర్చోమంటే ఎలా అని. మూడు రోజులుగా ఇంట్లో ఇదే గొడవ. మీరైతే ఏం చేస్తారో, ఎందుకో చెప్పండి. చెవినొప్పి, ఏడుపు గురించి వద్దు, అవి చాలా చదివేశా.

విండోసీట్:
మీవారు చెప్పిందే కరెక్ట్ అండి. మా ఇద్దర్నీ రెండేళ్లు నిండేదాకా ఒళ్లోనే పెట్టుకుని తిరిగాం, ఒక్కసారి కూడా ఇబ్బంది రాలేదు. దాదాపు అన్ని దేశాల్లోనూ రెండేళ్ల లోపు పిల్లల్ని ఒళ్లో కూర్చోనిస్తున్నారు, నిజంగా అంత ప్రమాదమే అయితే ఎప్పుడో ఆపేసేవాళ్లు కదా. పైగా ఆ వయసులో అమ్మ గుండెల మీద పడుకున్నంత హాయిగా ఇంకెక్కడా పడుకోరు. అనవసరంగా భయపెట్టుకోకండి.

బెల్టు_బిగించు:
విండోసీట్ గారూ, "ఒక్కసారి కూడా ఇబ్బంది రాలేదు" అని నేనూ అనేదాన్ని, మా బాబు 11 నెలలప్పటి ఒక ప్రయాణం దాకా.

బాబు నా భుజం మీద నిద్రపోతున్నాడు, నాకూ కునుకు పట్టింది, సీట్ బెల్ట్ లైటు కూడా వెలగట్లేదు. ఉన్నట్టుండి కింద నేల లాగేసినట్టయింది. అలాంటప్పుడు తల్లి చేతులు వాటంతటవే బిడ్డని పట్టేసుకుంటాయి అనుకుంటాం చూడండి, నా చేతులు ముందు ఆర్మ్‌రెస్ట్‌ని పట్టుకున్నాయి. బాబుని కాదు. వాడు నా భుజం మీంచి పైకి లేచిపోతుంటే మావారు పక్కనుంచి చొక్కా దొరకబుచ్చుకున్నారు, మెడ దగ్గర కుట్టు పర్రున చిరిగింది, ఆ చొక్కా ఇప్పటికీ నా బీరువాలో ఉంది. అంతా కలిపి రెండు సెకన్లు కూడా ఉండదేమో. వాడికి ఏమీ కాలేదు, దేవుడి దయ. కానీ ఆ రోజు నుంచి "నేను గట్టిగా పట్టుకుంటాను" అనే మాట మీద నాకు నమ్మకం పోయింది.

ఇది నా ఒక్కదాని భయం కాదు. 2024 మే 21న లండన్ నుంచి సింగపూర్ వెళ్తున్న సింగపూర్ ఎయిర్‌లైన్స్ 321 మయన్మార్ మీద పెద్ద కుదుపులో పడింది గుర్తుందా, ఒకరు చనిపోయారు, చాలామందికి దెబ్బలు తగిలాయి. దాని ప్రాథమిక రిపోర్టు ప్రకారం ప్లస్ 1.35 జీ నుంచి మైనస్ 1.5 జీకి మారడానికి పట్టింది 0.6 సెకను (ఒక జీ అంటే మన మామూలు బరువంత బలం, మైనస్ అయితే అది పైకి లాగుతుంది). అంటే ఏంటో మీ పాప బరువుతో చూడండి: 10 కిలోల బిడ్డ ఉన్నట్టుండి 15 కిలోల బలంతో సీలింగ్ వైపు లాగబడుతుంది, అదీ కన్నార్పేంత టైంలో. మేలుకుని ఉన్నా ఆపలేం, ఇంక నిద్రలో ఉంటే చెప్పేదేముంది.

అప్పట్నుంచి మేము ఒకే పద్ధతి, వాడికి సీటు, ఆ సీట్లో కార్ సీట్, అదే కారులో పిల్లల్ని బెల్టులతో కట్టి కూర్చోబెట్టే చిన్న సీటు. అంతే.

విండోసీట్:
మీకు జరిగింది చదివి బాధేసింది అండి, నిజంగా. కానీ రెండో వైపు కూడా చెప్పాలి. అమెరికాలో ప్రమాదాల దర్యాప్తు చేసే ఎన్‌టీఎస్‌బీ రెండేళ్ల లోపు పిల్లలకీ వేరే సీటు తప్పనిసరి అని రూల్ పెట్టమని ఏళ్ల తరబడి అడిగింది, విమానయానానికి రూల్స్ పెట్టే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌ఏఏ ఒప్పుకోలేదు. ఎందుకంటే సీటు తప్పనిసరి చేస్తే ఖర్చు పెరిగి కొన్ని కుటుంబాలు విమానం మానేసి కారులో వెళ్తాయి, రోడ్డు మీద ప్రమాదాలు విమానం కంటే ఎన్నో రెట్లు ఎక్కువ, కాబట్టి పిల్లల్ని కాపాడబోయి ఎక్కువ మందిని పోగొట్టుకుంటాం అని. 2003లో పిల్లల డాక్టర్ల జర్నల్‌లో వచ్చిన లెక్క కూడా ఇదే చెప్పింది, అమెరికా మొత్తం మీద ఆ రూల్ వల్ల ఆగే మరణాలు ఏడాదికి సగటున 0.4, అంటే ఒకటి కూడా కాదు. ఇది నా మాట కాదు కదా.

లెక్కల_పంతులు:
ఆ లెక్క కరెక్టే, కానీ ఇక్కడ వాడకూడని చోట వాడుతున్నారు విండోసీట్ గారూ.

అది ప్రభుత్వం వేసుకునే లెక్క. "అందరికీ రూల్ పెడితే దేశం మొత్తం మీద ఏమవుతుంది" అన్న ప్రశ్నకి జవాబు. ఈ అమ్మాయి అడిగింది అది కాదు. వీళ్లు కారులో వెళ్లే ఆలోచనే లేదు, వెళ్లేది విమానంలోనే, ఆ విషయం తేలిపోయింది. ఇంక మిగిలిన ప్రశ్న ఒక్కటే, ఆ విమానంలో పాప ఎక్కడుంటే మంచిది. దానికి మీరు చెప్పిన అదే ఎఫ్‌ఏఏ ఏమంటుందో చూడండి, రెండేళ్ల లోపు పిల్లలకి క్షేమమైన చోటు అప్రూవ్ అయిన కార్ సీటే గానీ మీ ఒడి కాదు అని స్పష్టంగా చెబుతుంది. రూల్ పెట్టకపోవడం వేరు, మంచిదని చెప్పడం వేరు. ఈ రెండూ కలిపేసి "రూల్ లేదు కాబట్టి ప్రమాదం లేదు" అనుకోవడం దగ్గరే చాలామంది తల్లిదండ్రులు పొరపాటు పడుతున్నారు.

ఆ రూల్ అడగడం వెనక ఒక ఘటన ఉంది. 1989 జులై 19, యునైటెడ్ 232, అమెరికాలో సూ సిటీ దగ్గర. గాల్లో మధ్య ఇంజిన్ పగిలి కంట్రోల్స్ మొత్తం పోయాయి, అయినా పైలట్లు 44 నిమిషాలు నెట్టుకొచ్చి రన్‌వే దాకా తెచ్చారు. 296 మందిలో 112 మంది పోయారు. ఒళ్లో కూర్చున్న పిల్లలు నలుగురు. అప్పటి పద్ధతి ప్రకారం వాళ్లని నేల మీద, కాళ్ల దగ్గర పెట్టి పట్టుకోమన్నారు. బెల్టు పెట్టుకున్న తల్లి బతికింది, నేల మీద ఉన్న తన బాబు బతకలేదు, ఆ నలుగురిలో అతనొక్కడే. ఆ సూచన ఇచ్చిన హెడ్ ఫ్లైట్ అటెండెంట్ జాన్ బ్రౌన్ ఆ తర్వాత దశాబ్దాల పాటు ప్రతి బిడ్డకీ సీటు ఉండాలని పోరాడింది. విమానంలో వదులుగా ఉన్న బ్యాగ్‌ని కూడా పైన పెట్టి తలుపు మూయమంటాం, బిడ్డని మాత్రం వదులుగా ఉంచుతాం.

ముగ్గురి_నాన్న:
అన్నీ బానే ఉన్నాయి, కానీ చేసి చూసినవాడిగా ఒకటి చెప్తా. కార్ సీట్ మోసుకుని ఎయిర్‌పోర్ట్ అంతా తిరగడం ఎలా ఉంటుందో తెలుసా, ఒక చేత్తో పిల్ల, ఒక చేత్తో అది, భుజానికి రెండు బ్యాగులు. మా రెండోది ఆ సీట్లో కూర్చోనని ఒళ్లు విల్లులా వంచేసి గంటసేపు ఏడ్చింది, చివరికి తీసి ఒళ్లో పెట్టుకున్నాం. సీటు కొన్నా వాడనిది ఏం లాభం? బేసినెట్, అదే ముందు వరసలో గోడకి తగిలించే చిన్న ఊయల, అడిగితే సరిపోతుంది కదా.

బెల్టు_బిగించు:
బేసినెట్ టేకాఫ్‌కీ ల్యాండింగ్‌కీ పనికిరాదండి, కుదుపులు మొదలైతే అందులోంచి పిల్లని తీసేయమంటారు. అంటే సరిగ్గా అవసరమైనప్పుడు మళ్లీ ఒళ్లోకే. 14 నెలల పిల్ల అందులో పడుతుందా అనేది ఇంకో సందేహం, బరువు పరిమితి ఒక్కో ఎయిర్‌లైన్‌కి ఒక్కోలా ఉంటుంది.

ఏడుపు మాట నిజమే, ఒప్పుకుంటా. మేము నెల ముందు నుంచి రోజూ ఇంట్లో హాల్లో ఆ కార్ సీట్లో కూర్చోబెట్టి ఆడించాం. ఫ్లైట్‌లో అది తెలిసిన చోటులా అనిపించి అందులోనే పడుకున్నాడు, 4 గంటలు. నా చేతులు ఖాళీగా ఉండటం అదే మొదటిసారి.

ఒంటరి_ప్రయాణం:
నేను ఒక్కదాన్నే పాపతో వెళ్లా, అర్జెంటుగా, రెండో సీటు కొనే స్థోమత ఆ రోజు లేదు. ఇలాంటివి చదివితే ఏదో తప్పు చేసినట్టు అనిపిస్తుంది. దయచేసి ఒళ్లో పెట్టుకున్న తల్లిని నిర్లక్ష్యం అనకండి.

లెక్కల_పంతులు:
అనలేదమ్మా, అనను కూడా. కుదరనప్పుడు చెయ్యగలిగినవి ఉన్నాయి. ఆన్‌లైన్‌లో అమ్మే నడుం బెల్టులు కొని మీ బెల్టుకి తగిలించకండి. యూరప్, ఆస్ట్రేలియాలో ఒళ్లో పిల్లలకి ఎయిర్‌లైన్ వాళ్లే లూప్ బెల్ట్ (పెద్దవాళ్ల బెల్టుకి తగిలించే చిన్న బెల్టు) ఇస్తారు, అమెరికాలో దాన్ని ఒప్పుకోరు, ఎందుకంటే గట్టిగా ఆగినప్పుడు పెద్దవాళ్ల ఒళ్లు ముందుకు వంగి బిడ్డ మీద పడుతుంది, బెల్టు బిడ్డ పొట్టలోకి దిగుతుంది. కుదుపులకి మాత్రం ఏమీ లేనిదానికంటే నయం. కాబట్టి ఆ ఫ్లైట్‌లో సిబ్బంది ఇచ్చి పెట్టుకోమంటే పెట్టుకోండి. మీ బెల్టులో బిడ్డని కూడా కలిపి మాత్రం ఎప్పుడూ బిగించొద్దు. మీరు నిద్రపోయే టైంలో లైటు వెలగకపోయినా మీ బెల్టు తీయొద్దు, పక్కన ఖాళీ సీటు ఉందేమో ఎక్కే ముందే అడగండి, కొన్నిసార్లు ఇస్తారు.

విండోసీట్:
పంతులు గారూ, రూల్ వేరు సలహా వేరు అన్న మాట మాత్రం ఆలోచించాల్సిందే. నేను ఇప్పటికీ అందరికీ తప్పనిసరి చెయ్యాలంటే ఒప్పుకోను. కానీ కొనగలిగిన వాళ్లని వద్దని ఇందాక చెప్పింది తొందరపాటే, వెనక్కి తీసుకుంటున్నా.

చిన్ని_వాళ్లమ్మ:
అందరికీ చాలా థాంక్స్. మొత్తం థ్రెడ్ మావారికి చదివి వినిపించా, చొక్కా కుట్టు ఊడిన దగ్గర ఆయన ఆపమన్నారు, సాయంత్రం ఆయనే కూర్చుని టికెట్ యాడ్ చేశారు. మా కార్ సీట్ అడుగున స్టిక్కర్ చూశా, మోటార్ వాహనాలకీ విమానాలకీ సర్టిఫై అయిందని ఎర్ర అక్షరాల్లో ఉంది. బేస్ కొలిస్తే 17 అంగుళాలు వచ్చింది. 16 దాటకూడదని ఎక్కడో చదివా, ఇప్పుడేం చెయ్యాలి? బేసినెట్ పెట్టే ముందు వరస సీట్లు ఇచ్చారు మాకు.

బెల్టు_బిగించు:
ముందు వరస మార్పించేసుకోండి, అక్కడ ట్రేలు ఆర్మ్‌రెస్ట్‌లోనే ఉంటాయి, చాలా విమానాల్లో ఆ ఆర్మ్‌రెస్ట్‌లు పైకి లేవవు. వెనక వరసల్లో ఆర్మ్‌రెస్ట్ ఎత్తితే 17 కూడా పట్టే అవకాశం ఉంది, అయినా ఎయిర్‌లైన్‌కి ఫోన్ చేసి మోడల్ పేరు చెప్పి వాళ్ల సీటు వెడల్పు అడగండి. కార్ సీట్ మామూలుగా కిటికీ వైపే పెట్టాలి, మిగతావాళ్లు బయటికి రావడానికి అడ్డం కాకుండా. వెనక్కి తిప్పి పెడితే ముందు సీటువాళ్లు వాలలేరు, కూర్చోగానే వాళ్లకి ఒక మాట చెప్పండి, మాకైతే ఆయన నవ్వుతూ సరేనన్నారు.