కోల్న్ కచేరీని పుస్తకం చూసి వాయించడం సరైనదేనా?

తెల్లమెట్లు:
ఏడేళ్లుగా పియానో నేర్చుకుంటున్నాను. డిసెంబరులో మా టీచర్ గారింట్లో విద్యార్థులందరం తలా పావుగంట వాయించాలి. నేను అమెరికన్ జాజ్ పియానిస్టు కీత్ జారెట్ 'ది కోల్న్ కాన్సర్ట్' మొదటి భాగంలోంచి కొంత ఎంచుకున్నాను. దాని నోట్స్ పుస్తకాన్ని జారెట్ ఒప్పుకున్నాకే 1991లో షాట్ అనే జర్మన్ సంస్థ అచ్చు వేసింది. మాతో పాటు నేర్చుకునే ఒకాయన ఇది విని, "ఆయన ఆ రాత్రి అప్పటికప్పుడు కల్పించుకుని వాయించారు. నువ్వు బట్టీపట్టి వాయిస్తే అది అదే సంగీతం ఎలా అవుతుంది?" అన్నారు. అప్పటినుంచి పియానో ముందు కూర్చుంటే టెన్షన్‌గా ఉంది.

వినని వాళ్ల కోసం నాలుగు మాటలు. జర్మనీలో కోల్న్, మనం కొలోన్ అని చదువుకున్న ఊరు. 1975 జనవరి 24న అక్కడి ఒపెరా హౌస్‌లో ఆ రోజు ఒపెరా ముగిశాక, రాత్రి పదకొండున్నరకు కచేరీ మొదలైంది. ఏర్పాటు చేసింది 18 ఏళ్ల అమ్మాయి, వేరా బ్రాండెస్. జారెట్ ఒక్కరే గంటకు పైగా వాయించారు. ఆ రికార్డు ఇప్పటికి 35 లక్షల కాపీలకు పైనే అమ్ముడైంది.

నా ప్రశ్న ఒక్కటే. ఇలా పుట్టిన సంగీతాన్ని ఉన్నదున్నట్టు వాయించడం తప్పా?

వీణపాఠం:
తప్పు అనను, అమ్మా. కానీ మీ తోటి విద్యార్థి అన్నదాంట్లో నిజం ఉంది. మా దగ్గర పిల్లలు పోటీలకు వెళ్లేటప్పుడు కల్పనస్వరాలు, అంటే అప్పటికప్పుడు అల్లి పాడాల్సిన స్వరాలు, ఇంట్లో రాయించుకుని వల్లె వేసి పాడతారు. తాళం ఎక్కడా తప్పదు, ముగింపు వరస, ముక్తాయింపు, సరిగ్గా పాట మొదలయ్యే ఎత్తుగడ దగ్గరికి వచ్చి పడుతుంది, చప్పట్లూ పడతాయి. అయినా వినే చెవికి తెలిసిపోతుంది. ఇప్పుడు ఏ స్వరం వేయాలా అని వెతికే క్షణం ఒకటి ఉంటుంది చూడండి, అది ఉండదు. కల్పనస్వరానికి ప్రాణం అదే.

కృతి వేరు. త్యాగరాజ స్వామి కృతిని సంగతులతో సహా గురువు చెప్పినట్టే పాడతాం, అందులో లోటేమీ లేదు. అప్పటికప్పుడు రాగాన్ని విస్తరించే ఆలాపనను మాత్రం అలా పాడం. జారెట్ ఆ రాత్రి చేసింది ఆలాపన లాంటిది. దాన్ని కృతిలా పాడబోతున్నారు మీరు.

పాతరికార్డులు:
వీణపాఠం గారూ, మీరు చెప్పిన తేడా మన సంగీతానికి చక్కగా సరిపోతుంది. పాశ్చాత్య సంగీతంలో ఆ గోడ అంత గట్టిది కాదు. 1747లో జర్మన్ స్వరకర్త బాఖ్ పోట్స్‌డామ్ వెళ్లినప్పుడు ప్రష్యా రాజు రెండో ఫ్రెడరిక్ ఒక స్వరవరస ఇచ్చి, దానిమీద ఫ్యూగ్ వాయించమన్నాడు, అంటే ఒకే వరసను ఒకదాని వెంట ఒకటిగా అనేక గొంతుకలు అందుకునే రచన. బాఖ్ అక్కడికక్కడే మూడు గొంతుకల ఫ్యూగ్ అల్లి వాయించాడు. ఇంటికి వెళ్లాక అదే వరస మీద రచనలు చేసి 'మ్యూజికల్ ఆఫరింగ్' పేరుతో అచ్చు వేయించాడు. దాన్ని ఈ రోజు ఎవరు వాయించినా అది బాఖ్ కాదని మనం అనం కదా?

ఇంకో సంగతి. జారెట్ తానే తన జీవితంలో పెద్ద భాగం ఇతరులు రాసిన స్వరాలు వాయిస్తూ గడిపారు. బాఖ్ 'వెల్ టెంపర్డ్ క్లావియర్' మొదటి పుస్తకాన్ని 1987లో పియానో మీద, రెండోదాన్ని 1990లో పియానోకు ముందుతరం వాద్యమైన హార్ప్సికార్డ్ మీద రికార్డు చేశారు. రష్యన్ స్వరకర్త షోస్టకోవిచ్ ప్రెల్యూడ్‌లు (చిన్న ముందు రచనలు), ఫ్యూగ్‌లు 24 జతలూ 1991లో రికార్డు చేశారు. బాస్ వాయించే గ్యారీ పీకాక్, డ్రమ్స్ వాయించే జాక్ డిజానెట్‌లతో 1983 నుంచి ముప్ఫై ఏళ్ల పాటు నడిపిన త్రయానికి పాత అమెరికన్ పాటలే ఆధారం. ఇతరుల స్వరాలను అంత శ్రద్ధగా వాయించిన మనిషి స్వరాలను మనం వాయిస్తే తప్పెలా అవుతుంది?

నేను ఆయన్ను వినడం మొదలుపెట్టింది ఆ బాఖ్ రికార్డుతోనే. జాజ్ మనిషి అని చదివి, ఎక్కడో ఒకచోట తన సొంతం కలుపుతాడని ఎదురుచూశాను. ఎక్కడా కలపలేదు. స్వరాన్ని స్వరంగా ఉంచాడు. ఆ నిగ్రహం చూశాకే ఆయన మీద గౌరవం పెరిగింది.

తెల్లమెట్లు:
పాతరికార్డులు గారూ, బాఖ్ సంగతి చదివి కాస్త ధైర్యం వచ్చింది. వీణపాఠం గారూ, ఆ "వెతికే క్షణం" అన్న మాట మాత్రం వదలడం లేదు.

అర్ధరాత్రిశ్రోత:
మీరిద్దరూ ఆ పియానోను మర్చిపోయారు. నా దృష్టిలో అసలు ప్రశ్న అక్కడుంది.

జారెట్ అడిగింది బోసెండోర్ఫర్ వారి పెద్ద ఇంపీరియల్ గ్రాండ్. వేదిక మీద ఉన్నది రిహార్సల్స్‌కు వాడే చిన్న గ్రాండ్. పై స్వరాలు రేకు మీద కొట్టినట్టు పలుకుతున్నాయి, కింది స్వరాలకు బరువు లేదు, పెడళ్లు సరిగా పనిచేయడం లేదు. పైగా జారెట్‌కు నడుం నొప్పి, నిద్ర లేదు. వాయించనని వెళ్లిపోబోతుంటే ఆ అమ్మాయి బతిమాలి ఒప్పించింది. పియానోను గంటల తరబడి బాగుచేసి, శ్రుతి చేసి ఒక దారికి తెచ్చారు.

ఇప్పుడు రికార్డు వినండి. చేతులు ఎక్కువగా మధ్య స్థాయిలోనే తిరుగుతాయి. కింది స్వరాల్లో నాదం నిలవదు కాబట్టి ఎడమచేయి ఒకే చిన్న పలుకును పదే పదే వాయించి ఆ ఖాళీని నింపుతుంది. మొదటి భాగంలో దాదాపు పన్నెండు నిమిషాలు రెండే రెండు కార్డ్‌ల (కలిపి నొక్కే స్వరాల గుంపుల) మీద, ఏ మైనర్ సెవెన్, జీ మేజర్ మీద, నిలబడి వాయిస్తారు. ఆ స్వరాలు అలా ఉండడానికి చాలావరకు కారణం ఆ పియానో. దాన్నే మంచి పియానో మీద వాయిస్తే, కుంటి గుర్రం మీద సవారీ చేసినవాడి కదలికల్ని మంచి గుర్రం మీద కూర్చుని అనుకరించినట్టు ఉంటుంది.

మొట్టమొదటి స్వరాలు కూడా అంతే. కచేరీ మొదలవుతోందని ప్రేక్షకులను లోపలికి పిలిచే ఆ ఒపెరా హౌస్ గంట వరసను ఆయన పియానో మీద పట్టుకున్నారు. రికార్డు మొదట్లో జనం నవ్వు వినిపించేది అందుకే. మీ టీచర్ గారింట్లో ఆ స్వరాలు విని నవ్వేవాళ్లు ఎవరుంటారు?

పుస్తకం వేయమని ఎన్నేళ్లు అడిగినా ఆయన ఒప్పుకోలేదు. చివరికి ఒప్పుకున్నప్పుడు కూడా, వాయించేవాళ్లు రికార్డునే ఆఖరి ప్రమాణంగా తీసుకోవాలని ముందుమాటలో చెప్పుకున్నారు. కాగితం మీద తన సంగీతం పూర్తిగా లేదని ఆయనకు తెలుసు.

వీణపాఠం:
ఆ ముందుమాట సంగతి నాకు కొత్త. విన్నాక నా మాట కొంచెం సర్దుకోవాలనిపిస్తోంది. సుబ్బరామ దీక్షితులవారు 1904లో ఎట్టయాపురంలో 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని'ని తెలుగులో అచ్చు వేయించారు. స్వరాన్ని ఊపి, జార్చి పలికే గమకాలకు కూడా గుర్తులు పెట్టి, ముత్తుస్వామి దీక్షితుల కృతులను, రాగ సంచారాలను కాగితం మీదికి ఎక్కించారు. ఆ పుస్తకం లేకపోతే ఎంత పోగొట్టుకునేవాళ్లమో. అయినా పుస్తకం ఒక్కటే చూసి పాడేవాళ్లను నేను ఇంతవరకు చూడలేదు. ఎవరి దగ్గరో విన్న చెవి కావాలి. ఈ అమ్మాయికి ఆ గురువు రికార్డే అనుకోవచ్చేమో.

అర్ధరాత్రిశ్రోత:
ఒప్పుకుంటాను. పాతరికార్డులు గారికి మాత్రం ఒక జవాబు బాకీ ఉంది. జారెట్‌కు రాయడం రాక కాదు. ఆర్కెస్ట్రాకు రాశారు. 'రిచువల్' అనే సోలో పియానో రచన చేసి, దాన్ని తాను వాయించకుండా పియానిస్టు, కండక్టర్ డెన్నిస్ రసెల్ డేవీస్ చేత వాయింపజేశారు. 1977లో రికార్డు చేసి 1982లో విడుదల చేశారు. అంటే ఇతరులు వాయించాలనుకున్నప్పుడు రాసి ఇచ్చేవారు. రాయనిది రాయనిదిగానే ఉండాలని అనుకున్నారు. కోల్న్ తర్వాతి ఏడాది, 1976లో, జపాన్‌లో ఐదు ఊళ్లలో సోలో కచేరీలు చేశారు. పది ఎల్పీలుగా వచ్చాయి. వాటిలో కోల్న్‌ను మళ్లీ వాయించలేదు. జనానికి అదే కావాలని తెలిసి కూడా.

పాతరికార్డులు:
'రిచువల్' సంగతి మంచి దెబ్బే, కాదనను. కానీ ఒకటి చెప్పనివ్వండి.

2018లో జారెట్‌కు రెండుసార్లు స్ట్రోక్ వచ్చింది. ఎడమ వైపు పడిపోయింది. ఇక కచేరీలు చేయడం కష్టమని 2020లో ఆయనే బయటపెట్టారు. కోల్న్‌లో ఆ రెండు కార్డ్‌లను పన్నెండు నిమిషాలు మోసిన చేయి ఆ ఎడమచేయే. అంతకుముందు 1996లో విపరీతమైన నీరసం జబ్బు వచ్చి వేదిక మానేసినప్పుడు, ఇంట్లోనే కూర్చుని మామూలు పాటలు మెల్లగా వాయించి రికార్డు చేసుకున్నారు. అది 1999లో 'ది మెలడీ ఎట్ నైట్, విత్ యు'గా వచ్చింది. అందులో విన్యాసం అసలు లేదు, పాట ఉంది. అప్పుడు తిరిగి లేచారు. ఈసారి లేవలేదు.

ఇప్పుడు ఆ స్వరాలు ఎవరి చేతుల్లోనైనా మోగితే నాకు బాధ లేదు. మోగకపోతేనే బాధ.

అర్ధరాత్రిశ్రోత:
ఈ మాటకు నా దగ్గర జవాబు లేదు. ఆ రికార్డును మా నాన్నగారితో కలిసి విన్నవాణ్ని, అందుకే దాన్ని ఎవరూ ముట్టుకోకూడదని కాస్త గట్టిగా వాదించానేమో. ఒక్క సలహా ఇస్తాను. మొదటి భాగం వద్దు. చివరి చిన్న భాగం, రెండు-సి, ఏడు నిమిషాలది, అది వాయించండి. దానికి పాట రూపం ఉంది. 'మెమరీస్ ఆఫ్ టుమారో' పేరుతో జాజ్ వాయించేవాళ్ల మధ్య విడిగానే తిరిగింది. దాన్ని మీ చేతులతో వాయిస్తే ఎవరి రాత్రినీ దొంగిలించినట్టు ఉండదు.

తెల్లమెట్లు:
అందరికీ నమస్కారాలు. నిన్న రాత్రి పుస్తకం మూసేసి, ఏ మైనర్ సెవెన్, జీ మేజర్ మాత్రం ఎడమచేత్తో పట్టుకుని కుడిచేత్తో ఏదో ఒకటి వాయించడానికి ప్రయత్నించాను. రెండు నిమిషాలకే ఆగిపోయాను. తర్వాత ఏం వేయాలో తోచలేదు. అదే పని ఆయన పన్నెండు నిమిషాలు చేశారని అప్పుడు అర్థమైంది, వీణపాఠం గారు అన్న ఆ వెతికే క్షణం ఎంత భయంగా ఉంటుందో కూడా. తర్వాత పుస్తకం తెరిచి అదే చోటు వాయిస్తే, ఇన్నాళ్లూ హడావుడిగా దాటేసిన స్వరాల దగ్గర చేతులు వాటంతటవే ఆగాయి.

డిసెంబరులో రెండు-సి వాయిస్తాను. దానికి ముందు రెండు నిమిషాలు, ఆ రెండు కార్డ్‌ల మీద, నాకు తోచింది. మా టీచర్ గారిని అడిగాను, సరేనన్నారు. ఏ భాగం జారెట్‌ది, ఏది నాది అన్నది మొదలుపెట్టే ముందు చెప్పి మరీ వాయించమన్నారు.