గద్దారా, గద్దరా?

సూర్యాపేట: సంగం రోజుల, అంటే నిజాం మీద రైతులు తిరగబడ్డ రోజుల ముచ్చట్లు చెప్పేటప్పుడు మా తాత దొర మనుషులు తిట్టిన మాట ఒకటి చెప్పేవాడు. "సర్కారు ఉప్పు తిన్న గద్దార్లు..." తర్వాతి ముక్క గుర్తుకొస్తలేదు. గద్దార్లు అన్నాడా, గద్దర్లు అన్నాడా అని కూడా అనుమానం.

దేవరకొండ: దీర్ఘం ఉండాల్సిందే. గదర్ అంటే ద్రోహం, తిరుగుబాటు. చేసినవాడు గద్దార్. దల్లాల్, సర్రాఫ్, హజ్జామ్ చూడండి, అన్నిటికీ నడుమ ఒత్తు, ఆ పక్కన దీర్ఘం.

వనపర్తి: మరి మన గద్దర్ పేరులో దీర్ఘమేది సార్?

దేవరకొండ: ఆ పేరు తెల్లదొరల మీద తిరగబడ్డ 1913 నాటి గదర్ పార్టీది. మన నోట్లో పడి ఒత్తు తెచ్చుకుంది, అంతే.

కొల్లాపూర్: ఒత్తు సంగతి సరే, అర్థం చూడండన్నా. 1857ను గదర్ అనడమే తెల్లదొరల కొలువు వైపు నుంచి చూసిన మాట. ఆ నిందనే పార్టీవాళ్లు పేరుగా పెట్టుకున్నారు. నాకు ఇష్టమైన సంగతి అదే.

వనపర్తి: 1857 అంటే తుర్రేబాజ్ ఖాన్‌ను మరిచిపోవద్దు. జులై 17న హైదరాబాద్‌ల తెల్లదొరల రెసిడెన్సీ మీదికి పోయిండు. జైలు తప్పించుకుంటే 1859లో తూప్రాన్ దగ్గర కాల్చి చంపిన్రు. గద్దర్ పుట్టిందీ తూప్రాన్‌లనే!

మిర్యాలగూడ: ఉప్పు అన్నాక గద్దార్ ఎట్లొస్తది? నమక్‌హరాం అయి ఉంటది. మా దిక్కు నమ్మకహరాం అంటరు.

దేవరకొండ: నమక్ ఫారసీ ఉప్పు మేడమ్. నమ్ము మనది, తమిళంలో నంబు. రెంటికీ చుట్టరికం లేదు.

మిర్యాలగూడ: మూలం ఒకటని నేననలే. ఆ 'మ్మ' నమ్మకం నుంచే వచ్చి చేరిందంటున్న. ఉప్పు పోయి నమ్మకం నిలబడ్డది.

కొల్లాపూర్: ఇట్లాంటివి దాశరథిని అడగాలె. గాలిబ్‌ను తెలుగు చేసిన మనిషి, నిజాం జైలు గోడ మీద బొగ్గుతో పద్యం రాసిన మనిషి. సర్కారు లెక్కలో ఆయనా గద్దారే కదా! రెండు భాషల రుచి అట్లా తెలిసినవాళ్లు అరుదు.

వనపర్తి: ఆయన పద్యం పైకి చదువుతుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తది.

సూర్యాపేట: మా పెద్దమ్మకు ఫోన్ చేసిన. తాత 'బాగీలు' అనేటోడంటున్నది.

దేవరకొండ: అయితే లెక్క మారుతుంది. బాగీ ఎదురుతిరిగినవాడు, గద్దార్ నమ్మించి ముంచినవాడు.

మిర్యాలగూడ: కోపంల ఉన్న దొర మనిషి అంత తేడా చూసి తిడతడా సార్?